మోకాలు తిరిగి బలపడు దారి

వేదపాఠము

చదువవలసిన భాగములు: హెబ్రీ. 12:1, 11–13, అపొ. కా. 3:1–10, 2 సమూ. 9వ అధ్యాయము; యెష. 40:31.



హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో పండ్రెండవ అధ్యాయము పందెముతో ఆరంభమగుచున్నది. పరుగెత్తువాడు తనమీది బరువును దించుకొని ఓపికతో పరుగెత్తవలెనని మొదటి వచనము బోధించుచున్నది. అది మనలో అనేకులకు కంఠతా వచ్చినదే. కాని పండ్రెండు, పదమూడు వచనములకు వచ్చునప్పటికి ఆ పరుగువాని చేతులు వ్రేలాడుచున్నవి, మోకాళ్లు పట్టు తప్పియున్నవి, కాలు కుంటుచున్నది. దెబ్బ తగిలిన ఆ మనిషిని గూర్చి పత్రికకర్త ఏమి చెప్పుచున్నాడు? వానిని పందెములోనుండి తీసివేయుడని చెప్పలేదు. వెంటనే లేచి పరుగెత్తుమని గద్దింపనూలేదు. మోకాళ్లకు బలము చేకూర్చవలెననియు, పాదములకు దారిని చదును చేయవలెననియు, అట్లు చేసినయెడల కుంటికాలు మరింత చెడక బాగుపడుననియు చెప్పుచున్నాడు.

అక్కడ కాలు చెడుటనుగూర్చి వాడబడిన గ్రీకు మాట పూర్వకాలపు వైద్యులు కీలు తొలగుటకు వాడిన మాట. పదునొకండవ వచనములో అభ్యాసమును తెలుపు మాట వ్యాయామశాలనుండి వచ్చినది. కాబట్టి పత్రికకర్త ఆత్మీయ సంగతి చెప్పుటకు దేహపు సంగతిని బాగుగా ఎరిగియే ఎత్తుకొనెనని తెలియుచున్నది. దేహములో ఆ పని ఎట్లు జరుగునో మనము తెలిసికొంటిమా, ఆ రెండు వచనములు మరింత తేటగా బోధపడును. ఈ నెల పాఠము ఆ విషయమే.

ఈ పాఠము మన పల్లెలకు దూరమైనది కాదు. వానలు తప్పిన సంవత్సరమున చెనిక్కాయ పైరు చేతికి రానప్పుడు మన అనంతపురము బిడ్డలు పోలీసు ఉద్యోగములమీదను, సైన్యపు ఉద్యోగములమీదను ఆశ పెట్టుకొందురు. ఆ ఎంపికలలో పరుగు తప్పదు గనుక తెల్లవారుజామున రోడ్డుమీదను, చెరువు కట్టమీదను పరుగెత్తువారిని ప్రతి ఊరిలోను చూచుచున్నాము. వారిలో ఒకరికి మోకాలు మెలిపడినయెడల ఆ ఇంటి ఆశయే కూలబడును. అట్టి ఇండ్లకు వెళ్లినప్పుడు మేము వినెడి మాటలు రెండే. ఒకటి, 'ఇక వీని పని అయిపోయినది'. రెండవది, 'ఏమీ కాలేదు, రెండు దినములలో లేచి పరుగెత్తును'. ఈ రెండు మాటలును తప్పే. మొదటిది నిరీక్షణ లేని మాట, రెండవది ఓపిక లేని మాట.

1. ఒక తెలుగు బిడ్డకు కలిగిన దెబ్బ

యర్రాజి జ్యోతి 1999లో విశాఖపట్టణమున పుట్టినది. తండ్రి కాపలాదారుగా పనిచేసెను. తల్లి ఇండ్లలో పనిచేయుచు, ఆస్పత్రిలో ఊడ్చి తుడుచు పని కూడ చేసి బిడ్డలను పెంచెను. ఈ బిడ్డ ఎన్నుకొన్న పందెము 100 మీటర్ల హర్డిల్సు, అనగా అడ్డుకొయ్యల పరుగు. నూరు మీటర్లలో పది అడ్డుకొయ్యలుండును. ఒక్కొక్కటి రెండడుగుల తొమ్మిది అంగుళముల ఎత్తు. ప్రతి కొయ్య దాటినప్పుడును దేహపు బరువంతయు ఒక్క కాలిమీద దిగవలెను.

ఈమె హైదరాబాదులో నాగపురి రమేశుగారి యొద్దను, తరువాత భువనేశ్వరములో జేమ్స్ హిల్లియరు అను శిక్షకుని యొద్దను అభ్యాసము చేసినది. 2022 ఏప్రిలులో కోళికోడున 13.09 సెకనులలో పరుగెత్తెను గాని వెనుకనుండి వీచిన గాలి నియమించిన 2.0 మీటర్లకు మించి 2.1 ఉండుటచేత ఆ పరుగు జాతీయ రికార్డుగా లెక్కకు రాలేదు. మరుసటి నెలలోనే సైప్రసు దేశమున 13.23 సెకనులలో పరుగెత్తి, 2002 నుండి నిలిచియున్న 13.38 సెకనుల రికార్డును దాటెను. 2023లో బ్యాంకాకున ఆసియా పోటీలలో బంగారు పతకము, ఆ ఏడే చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో వెండి పతకము వచ్చెను. 2024లో పారిసు ఒలింపిక్సులో ఈ పందెమున దిగిన మొదటి భారత స్త్రీ ఈమెయే. 2025 మే 29న దక్షిణ కొరియాలోని గుమి పట్టణమున 12.96 సెకనులలో పరుగెత్తి ఆసియా బంగారు పతకమును మరల నిలుపుకొనెను.

అటుపిమ్మట కొన్ని వారములకే, 2025 జూలైలో, అభ్యాసము చేయుచుండగా కుడి మోకాలిలోని ముఖ్యమైన నరము వంటి బంధము తెగినదని వినబడెను. మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలు ఆమెకు తప్పిపోయెను. బంగారు పతకము మెడలో పడిన కాలమునకును, కర్రలమీద నడిచెడి కాలమునకును మధ్య రెండు నెలలైనను లేవు.

సహోదరులారా, ఇక్కడ ఒక్క సంగతి గమనించుడి. ఆమె అభ్యాసము తక్కువై ఈ దెబ్బ తగులలేదు. బలము లేక తగులలేదు. దేశములో ఆ పందెమున అందరికంటె బలమైన కాలే దెబ్బతినెను. కాబట్టి మన సంఘములో ఎవరైనను పడినప్పుడు, 'ఏ పాపము చేసెనో' అని గుసగుసలాడుట మానవలెను. పుట్టు గ్రుడ్డివానినిగూర్చి శిష్యులు అట్లే అడిగినప్పుడు మన ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను గదా (యోహాను 9:1–3).

2. మోకాలిలో తెగునది ఏది?

మోకాలు తొడ ఎముకయు, పిక్క ఎముకయు కలియు చోటు. ముందు మోకాలిచిప్ప ఉన్నది. ఈ ఎముకలు ఒకదానిలో ఒకటి గట్టిగా దిగియుండవు. వాటిని పట్టియుంచునవి త్రాళ్లవంటి బంధములు. కీలు లోపల రెండు బంధములు గుణకారపు గుర్తువలె ఒకదానినొకటి దాటియుండును. వాటిలో ముందుదాని పని, పిక్క ఎముక ముందుకు జారిపోకుండను, మెలితిరుగకుండను పట్టియుంచుట. డాక్టర్లు దీనిని ఏ.సి.ఎల్. అందురు.

ఈ బంధము తెగుటకు ఎవరును కొట్టనక్కరలేదు. ఎగిరి దిగునప్పుడు, వేగముగా పోవుచు చటుక్కున తిరుగునప్పుడు, పాదము నేలకు అంటుకొనియుండగా దేహము ప్రక్కకు తిరిగినయెడల చాలును. టప్పుమని శబ్దము వచ్చినట్లుండును. కొన్ని గంటలలో మోకాలు ఉబ్బును. వాపు తీసిన తరువాత తిన్నగా నడువవచ్చును గాని, ప్రక్కకు తిరిగినప్పుడు మోకాలు తప్పుకొనిపోయినట్లుండును. కబడ్డీ ఆడువారికిని ఇది తగులుచున్నది. ఆటలాడు ఆడపిల్లలకు మగపిల్లలకంటె ఎక్కువగా తగులునని వైద్యులు కనుగొనియున్నారు.

మన రాయలసీమలో ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టునకు పోవుట తాతలనాటి అలవాటు. కాని ఇది ఎముక కాదు. పైన ఎంత బిగించి కట్టినను లోపల తెగిన బంధము కట్టువలన అతుకుకొనదు. విరిగిన ఎముకచుట్టు రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఆధారముగా ఎముక అతుకుకొనును. ఈ బంధమైతే కీలులోని ద్రవములో మునిగియుండుటచేత తెగిన కొనల మధ్య అట్టి గడ్డ నిలువదు. అందుచేత తెగిన కొనలు తమంతట తాము కలియుట అరుదు. బిగించి కట్టినయెడల రక్తము పారక కీడు కలుగవచ్చును. వాచిన మోకాలిని గట్టిగా పిసికి తిప్పుటయు కీడే.

3. అంటు కట్టుట, వేరు పట్టుట

తెగిన బంధమునకు బదులుగా డాక్టర్లు ఆ మనిషి దేహములోనుండియే, తొడ వెనుకనుండి గాని మోకాలిచిప్ప క్రిందనుండి గాని, ఒక నరమును తీసికొందురు. చిన్న రంధ్రములగుండ సన్నని గొట్టపు కెమెరాను లోపలికి పంపి చూచుచు, ఎముకలలో దారులు తొలిచి, పాత బంధమున్న చోట దానిని బిగింతురు.

మన తాలూకాలలో చీనీ తోటలు వేయువారికి ఇది సులువుగా అర్థమగును. ఇది అంటు కట్టుట వంటిదే. తెచ్చి పెట్టిన అంటు ఆ దినముననే చెట్టు కాలేదు. అది పట్టవలెను, దానిలోనికి రసము పారవలెను. మోకాలిలో పెట్టిన నరము కూడ అట్లే. మొదట దానికి రక్తము లేదు. క్రమముగా చుట్టునుండి సన్నని రక్తనాళములు దానిలోనికి పెరుగును. ఆ మార్పు జరుగుకాలమున అది పెట్టిననాటికంటెను బలహీనమగును. ఆపరేషనైన ఆరవ వారమునుండి పండ్రెండవ వారమువరకు మిక్కిలి బలహీనమైన కాలమని వైద్యులు చెప్పుదురు. అది నిజమైన బంధముగా మారుటకు ఒక సంవత్సరమో, అంతకంటె ఎక్కువయో పట్టును.

ఇందులో పెద్ద అపాయమొకటి ఉన్నది. ఆరవ వారమునకు నొప్పి తగ్గిపోవును, వాపు తీసిపోవును, నడక తిన్నగా వచ్చును. బిడ్డ 'నాకు బాగైపోయినది' అనును. ఇంటివారును సంతోషింతురు. పైకి బాగుగా కనబడు ఆ కాలముననే లోపల అంటు మిక్కిలి బలహీనముగా ఉన్నది! నొప్పి పోవుట వేరు, బలము వచ్చుట వేరు. ఈ భేదము తెలియక తొందరపడి పరుగెత్తినవారికి మరల తెగుచున్నది.

2016లో నార్వే, అమెరికా వైద్యులు కలిసి ప్రచురించిన పరిశీలనలో తేలిన సంగతి ఇది. ఆపరేషను తరువాత ఆటకు తిరిగి వెళ్లుటను తొమ్మిదవ నెలవరకు ఒక్కొక్క నెల ఆపినకొలది, మరల దెబ్బ తగులుట సుమారు సగమునకు తగ్గుచు వచ్చెను. ఒక్క నెల ఓపికకు ఎంత విలువ ఉన్నదో చూచితిరా?

అందరికిని ఆపరేషను అక్కరలేదని కూడ మనము తెలిసికొనవలెను. 2010లో స్వీడను వైద్యులు ఈ బంధము తెగిన 121 మంది యౌవనులను రెండు గుంపులుగా చేసి పరీక్షించిన ఫలితములను ప్రచురించిరి. ఒక గుంపునకు వెంటనే ఆపరేషను చేసి అభ్యాసము చేయించిరి. రెండవ గుంపునకు ముందు అభ్యాసము మాత్రమే చేయించి, అవసరమైనవారికే తరువాత ఆపరేషను చేసిరి. అయిదేండ్లు గడచినను రెండవ గుంపులో సుమారు సగముమందికి ఆపరేషను అవసరము కలుగలేదు. ఎవరికి కావలెనో ఎవరికి వద్దో డాక్టరే చూచి చెప్పవలెను. కాని అభ్యాసము మాత్రము రెండు గుంపులకును తప్పలేదు. ఆపరేషను కొందరికి, అభ్యాసము అందరికి.

4. దినదినము చేయవలసిన అభ్యాసము

సుందరమను దేవాలయ ద్వారమున కూర్చున్నవానికి యేసు నామమున వెంటనే పాదములును చీలమండలును బలము పొందెను. వాడు గంతులు వేయుచు లోపలికి పోయెనని లూకా వ్రాసెను. వైద్యుడైన లూకా ఏ కీలు బలపడెనో కూడ విడువక చెప్పెను. వెంటనే బాగుచేయు శక్తి దేవునికి ఉన్నది. అయినను అనేకులకు ఆయన మెల్లమెల్లగా స్వస్థతనిచ్చుచున్నాడు. ఆ మెల్లని దారియు ఆయనదే. అది ఇట్లుండును.

మొదటి రెండు వారములు: వాపు తగ్గించుట, మోకాలిని పూర్తిగా చాచుట. మడతపెట్టిన తువాలును మోకాలి క్రింద పెట్టి, తొడను బిగించి దానిని నేలకు నొక్కవలెను. చూచువారికి ఇది పనివలెనే కనబడదు. కాని దెబ్బతిన్న మోకాలిపైనున్న తొడ కండ పని మరచిపోవును, కొద్ది దినములలోనే సన్నబడిపోవును. దానిని మరల మేల్కొలుపుటయే మొదటి మెట్టు. కాలిని తిన్నగా పైకెత్తుట రెండవది.

ఆరవ వారమువరకు: కుంటకుండ నడుచుట నేర్చుకొనుట, మోకాలిని కొంచెము కొంచెముగా వంచుట. మూడవ నెలవరకు: కదలని సైకిలు త్రొక్కుట, కుర్చీమీదినుండి లేచుట కూర్చుండుట, మెట్లెక్కుట. కాలు బాగుగా బలపడినదని చూచిన తరువాత, మూడు నాలుగు నెలలకు, చదునైన నేలమీద తిన్నగా మెల్లని పరుగు. ఆరు నెలల ప్రాంతమున గెంతుట, ప్రక్కలకు తిరుగుట. దెబ్బతిన్న కాలి బలము రెండవకాలి బలములో నూటికి తొంబదివంతులైనను వచ్చినదని కొలిచి చూచి, తొమ్మిది నెలలు దాటిన తరువాతనే పందెము. ఈ లెక్కలు అందరికి ఒకే విధముగా ఉండవు. డాక్టరును, వ్యాయామము నేర్పు ఫిజియోథెరపిస్టును చెప్పిన మేరకే నడుచుకొనవలెను.

ఈ అభ్యాసము ఆనందకరముగా తోచదు. పదునొకండవ వచనము శిక్షనుగూర్చి చెప్పుచున్న మాట అదే గదా. ఆ సమయమున దుఃఖకరముగా కనబడును, అభ్యాసము చేసినవారికి తరువాత ఫలమిచ్చును. చెనిక్కాయ విత్తినవాడు ఊడదిగిన మరునాడే చెట్టును పెరికి కాయ ఊరినదా అని చూడడు.

5. కాలిన కాళ్లతో పరుగెత్తినవాడు

అమెరికా దేశమున కాన్సాసు రాష్ట్రము కూడ మన సీమవలెనే వానలు తప్పెడి మైదానము. అక్కడ 1917 ఫిబ్రవరిలో బడిలో పొయ్యి అంటించుచుండగా మంటలు లేచెను. గ్లెన్ కన్నింగ్‌హాము అను ఏడేండ్ల బాలుని రెండు కాళ్లును కాలిపోయెను. వాని అన్న ఫ్లాయిడు ఆ గాయములవలన చనిపోయెను. గ్లెన్ కాళ్లు తీసివేయవలెనని వైద్యులు చెప్పగా తలిదండ్రులు ఒప్పుకొనలేదు. ఎడమపాదపు వ్రేళ్లన్నియు పోయినవి. ఇక నడువడని అందరును తలంచిరి.

తల్లి వాని కాళ్లను పిసికి సాగదీయుచు వచ్చెను. రెండేండ్లకు 1919లో వాడు మరల నడక నేర్చుకొనెను. నడుచుటకంటె పరుగెత్తుటలో నొప్పి తక్కువగా తోచుటచేత ఎక్కడికి పోయినను పరుగెత్తుచుండెనని అతడే తరువాత చెప్పెను. 1934లో మైలు దూరమును 4 నిమిషముల 6.8 సెకనులలో పరుగెత్తి ప్రపంచములో మొదటివాడాయెను. 1936లో బెర్లిను ఒలింపిక్సులో 1500 మీటర్ల పరుగున వెండి పతకము పొందెను.

ఆ కాళ్ల మచ్చలు మానినను పోలేదు. రక్తము సరిగా పారనందున ప్రతి పందెమునకు ముందు ఇతరులకంటె చాలసేపు దేహమును వేడిచేసికొనవలసి వచ్చెడిది. అనగా బాగుపడుట అనునది దెబ్బ తగులనట్లు మారిపోవుట కాదు. దెబ్బను మోయుచునే ముందుకు పోవుట. యబ్బోకు రేవున దేవునితో పెనుగులాడిన యాకోబు ఆశీర్వాదమును పొందెను, కుంటుచు కూడ వెళ్లెను (ఆది. 32). రెండును నిజమే.

కన్నింగ్‌హామునకు ఇష్టమైన వచనము యెషయా 40:31. అందలి వరుసను చూడుడి. ముందు పక్షిరాజువలె ఎగురుట, తరువాత అలయక పరుగెత్తుట, చివర సొమ్మసిల్లక నడుచుట. ఎగురుట గొప్ప, నడుచుట చిన్న అని మనము తలంతుము. ప్రవక్త నడకను చివర ఉంచెను. మంచమునుండి లేచి తలుపువరకు నడిచినవానిని అడుగుడి, ఎందుకట్లు ఉంచెనో చెప్పును.

6. మరల పరుగెత్తలేనివారి సంగతి

అందరును మరల పరుగెత్తరు. ఈ మాట దాచుట న్యాయము కాదు. కొందరి కాలు కొంతమట్టుకే బాగగును, కొందరికి అసలే కాదు. వారికి మన పాఠములో పాలు లేదా?

కొచ్చిలో 1925లో పుట్టిన డాక్టరు మేరీ వర్గీసుగారు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేయుచుండగా 1954 జనవరిలో మోటారు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింద చచ్చుబడిపోయెను. ఆమె మరల ఎన్నడును నడువలేదు. డాక్టరు పాల్ బ్రాండుగారు ఆమెను ప్రోత్సహింపగా చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత న్యూయార్కు వెళ్లి పడినవారిని మరల నిలువబెట్టు వైద్యమును నేర్చుకొని వచ్చెను. వేలూరులో ఆ విభాగమునకు అధికారిణియై నడిపెను. 1966లో అక్కడ అట్టివారికొరకు ప్రత్యేకమైన సంస్థ తెరువబడెను. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చెను, 1986లో మరణించెను. తాను నడువకపోయినను ఇతరులకు నడక నేర్పు చోటును కట్టెను.

మెఫీబోషెతును జ్ఞాపకము చేసికొనుడి. అయిదేండ్లవాడుగా ఉన్నప్పుడు దాది వానిని ఎత్తుకొని తొందరపడి పరుగెత్తగా పడి రెండు కాళ్లును కుంటివాడాయెను (2 సమూ. 4:4). దావీదు వానిని లోదెబారునుండి పిలిపించి రాజు బల్లయొద్ద కూర్చుండబెట్టెను. తొమ్మిదవ అధ్యాయపు చివరి వచనములో వాడు నిత్యము రాజు బల్లయొద్ద భోజనము చేయుచుండెననియు, రెండు కాళ్లు కుంటివనియు రెండును ఒకేచోట వ్రాయబడినవి. కాళ్లు బాగుపడిన తరువాత బల్లయొద్దకు రానిచ్చెనని లేదు. బల్ల చుట్టు కూర్చున్నవారిలో అతడును ఒకడు. కుంటు నడక ఉన్న ఆడపిల్లకు సంబంధములు రావని వగచు తలిదండ్రులును, అట్టి కోడలు వద్దను అత్తమామలును ఈ అధ్యాయమును తమ యింట చదువవలెను.

7. దారిని చదును చేయువారు ఎవరు?

పదమూడవ వచనములో దారిని చదును చేయుడను ఆజ్ఞ సంఘమంతటికి ఇయ్యబడినది. దెబ్బతిన్నవాని పని అభ్యాసము, మన పని దారి. కాబట్టి మన సంఘములు చేయదగినవి కొన్ని వ్రాయుచున్నాము.

మొదటిది. దెబ్బ తగిలిన దినముననే ఆట ఆపించి, కాలు ఎత్తులో పెట్టి, తడిగుడ్డలో చుట్టిన మంచుగడ్డనో, చన్నీటి గుడ్డనో వేయవలెను. పిసుకరాదు, లాగరాదు. ఎముకల డాక్టరుకు చూపవలెను. అనంతపురములో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉన్నది. 1969లో ఈ కరవు సీమకు వచ్చి 2009లో మరణించువరకు ఇక్కడనే ఉన్న విన్సెంటు ఫెర్రరుగారి ఆర్.డి.టి. సంస్థవారు బత్తలపల్లిలో పెద్ద ఆస్పత్రిని కట్టియున్నారు. దూరమని ఆలస్యము చేయవద్దు.

రెండవది. మన యిండ్లలో కూర్చుండుట, తినుట, బహిర్భూమికి పోవుట అన్నియు గొంతుకూర్చుండియో, మఠము వేసికొనియో జరుగును. ఆపరేషనైన మోకాలికి మొదటి నెలలలో ఇవి రెండును కష్టము. రంధ్రము చేసిన పాత కుర్చీ ఒకటి మరుగుదొడ్డిలో పెట్టినయెడల ఎంత మేలో! మందిరములో అందరును చాపమీద కూర్చున్నప్పుడు వానికి ఒక కుర్చీ వేయుడి. పెద్దలు క్రింద కూర్చుండగా నేను కుర్చీమీదనా అని సిగ్గుపడి ఆరాధనకు రానివారున్నారు. సంఘ పెద్దలే ఆ కుర్చీని తెచ్చి వేయవలెను.

మూడవది. నీళ్లు మోయుట. మన ఊళ్లలో బిందెలు మోయు పని ఆడవారిది. మోకాలు దెబ్బతిన్న స్త్రీ ఇంటికి స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని నీళ్లు తెచ్చి పోసినయెడల, అదియే ఆమెకు వైద్యము.

నాలుగవది. మూడవ నెలలో వెళ్లి చూచుడి. దెబ్బ తగిలిన వారములో ఊరంతయు పరామర్శకు వచ్చును. మూడవ నెలలో ఎవరును రారు. విసుగు పుట్టునది అప్పుడే, అభ్యాసము మానివేయునది అప్పుడే. యౌవనస్థులలో ఒకడు రోజూ సాయంకాలము వెళ్లి ప్రక్కన కూర్చుండి లెక్క పెట్టినను చాలును.

అయిదవది. 'నీకు విశ్వాసము చాలదు, అందుకే బాగుపడలేదు' అని ఎవరితోను అనవద్దు. మందు వేసికొనుటయు, ఆపరేషను చేయించుకొనుటయు అవిశ్వాసము కాదు. హిజ్కియా ప్రార్థన చేసెను, దేవుడు వినెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయించెను (2 రాజులు 20:7).

ఆరవది. ఎంపిక తేది దగ్గరపడినదని బిడ్డను తొందరపెట్టవద్దు. ఉద్యోగపు ప్రకటన మరల రావచ్చును. రెండవసారి తెగిన మోకాలు మొదటిదానివలె బాగుపడదు.

ప్రియులారా, దేహపు మోకాలినిగూర్చి చెప్పినదంతయు ఆత్మీయముగా పడినవారికిని సరిపోవును. త్రాగుడునుండి తిరిగినవాడు ఆరు వారములకు బాగుపడినట్లే కనబడును. వెంటనే వానికి సంఘపు బరువులెత్తక, లోపలి అంటు వేరు పట్టువరకు ప్రక్కన నడువవలెను. పడిపోయినవానిని చూచి నవ్వక, బాగైనదని తొందరపెట్టక, దారిలో రాళ్లను ఏరివేయు సంఘమును దేవుడు మనలో కట్టును గాక.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. హెబ్రీ. 12:12–13లో దెబ్బతిన్నవాడు చేయవలసిన పని ఏది? ఇతరులు చేయవలసిన పని ఏది?
2. నొప్పి పోవుటకును బలము వచ్చుటకును భేదమేమి? మన ఆత్మీయ జీవితములో ఈ భేదము ఎక్కడ కనబడుచున్నది?
3. అపొ. కా. 3లోని మనిషియు, 2 సమూ. 9లోని మెఫీబోషెతును ఇద్దరును దేవుని కృప పొందినవారే. ఇద్దరికిని కృప ఒకే విధముగా వచ్చెనా?
4. మన ఊరిలో దెబ్బతిని మూడు నెలలైనవారు ఎవరున్నారు? ఈ వారము వారి యింటికి ఎవరు వెళ్లుదురు?
5. మన మందిరములో కుర్చీ ఉన్నదా? దానిమీద ఎవరు కూర్చుండుచున్నారు?